ఊడిరాని గౌను

మన చర్చి యూత్ పిల్లలు పెద్దవాళ్ళను తమ ఉద్యోగాల గురించి రాసివ్వమని అడిగారు. నర్సులు రాశారు, ఇంజినీర్లు రాశారు, టాక్సీ నడిపిన ఆయన కూడా రాశాడు. నన్ను ఎవరూ అడగలేదు. కుట్టుపని ఉద్యోగాల్లోకి వస్తుందని తట్టి ఉండదు. అడగకపోయినా రాస్తున్నాను. కాగితానికి రెండు పక్కలా రాశాను. టైప్ చేసే పిల్ల వెనక్కి కూడా తిప్పి చూడాలి.

నా చదువు ఐదో తరగతితో అయిపోయింది. తర్వాత ఒంగోల్లో మా మేనత్త దగ్గర మిషన్ నేర్చుకున్నాను. ఆమె నేర్పిన మొదటి సంగతి, జాకెట్టు పక్కకుట్టు ఒక్క వరసతో వదలకూడదని. లోపల గుడ్డ వదిలి మూడు వరసలు వేయాలి. ఇప్పటికి సరిపోయే వరస ఒకటి, పెళ్ళయ్యాక సరిపోయేది ఒకటి, పిల్లలు పుట్టాక సరిపోయేది ఒకటి. ఒళ్ళు వచ్చినప్పుడల్లా లోపలి వరస విప్పుకుంటే అదే జాకెట్టు పనికొస్తుంది. మీరు ఇప్పుడు కొనే బట్టలకు లోపల గుడ్డే ఉండదు. ఊపిరి గట్టిగా పీలిస్తే కొత్తది కొనుక్కోవాలి.

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో పరుపుల ఫ్యాక్టరీలో కుట్టాను. అది మూతపడ్డాక, మా వీధిలో ఉండే గ్రీకు ఆవిడ తను పనిచేసే కాలేజీలో ఒక మిషన్ ఖాళీగా ఉందని తీసుకెళ్ళింది. పాట, నాట్యం, నటన నేర్పే కాలేజీ అది. స్టేజీ మీద వేసుకునే బట్టలన్నీ తయారయ్యే గదిని వార్డ్‌రోబ్ అనేవారు. అందులో ముగ్గురం ఉండేవాళ్ళం. గ్రీకు ఆవిడ గుడ్డ కత్తిరించి, కుట్టినవాటికి ఇస్త్రీ చేసేది. నేను కుట్టేదాన్ని. మా ఇద్దరి మీద పెద్దావిడ, ఆస్ట్రేలియా మనిషి, బొమ్మలు గీసి బట్టలు ఎలా ఉండాలో చెప్పేది. అందరినీ "డార్లింగ్" అని పిలిచేది. కోపం వస్తే ఇంకా నెమ్మదిగా "డార్లింగ్" అనేది.

ఆ గదిలో బట్టలు తగిలించే కడ్డీలు రెండు. తలుపు దగ్గరిది స్టేజీకి సిద్ధమైన బట్టలకు. నా కిటికీ దగ్గరిది చిరిగినవాటికి. ఎవరూ నాతో మాట్లాడనక్కర్లేదు. నా కడ్డీకి తగిలించి పోతే సాయంత్రానికి కుట్టి ఉంటుంది. నా ఇంగ్లీషుకు ఆ పద్ధతి బాగా సరిపోయింది.

నేను అక్కడ మంచి పేరేమీ తెచ్చుకోలేదు. ఎక్కడ దీపం ఉత్తపుణ్యానికి వెలుగుతుంటే అక్కడ ఆర్పేసేదాన్ని. ఒకసారి నాట్యం క్లాసు జరుగుతున్న గదిలో కూడా ఆర్పాను. లోపల చప్పుడు లేదు, ఖాళీ అనుకున్నాను. వాళ్ళు చెట్లలాగా నిలబడి ఉన్నారట. బల్లల మీద, కిటికీల మీద వేలు పెట్టి గీసి, ఆ దుమ్ము పక్కనున్నవాళ్ళకు చూపించే అలవాటు కూడా ఉండేది. ఇప్పటికీ ఉంది. మా కోడలిని అడగండి.

అప్పుడు వచ్చింది ఆ పిల్ల.

కొలతలు ఇవ్వడానికి నా దగ్గరికి పంపారు. నల్లగా, నా కంటే జానెడు పొడుగు, నవ్వితే గదంతా వినబడేది. కొలుస్తుంటే ఒక్క క్షణం నిలబడదు. పాడుతుంది, భుజం కదిలిస్తుంది, కాలితో తాళం వేస్తుంది.

"పిల్లా, కదలకు. నడుం రెండు సైజులు వస్తోంది," అన్నాను.

"పెద్ద సైజు రాసుకో ఆంటీ, క్రిస్మస్‌కు ఎలాగూ అక్కడికే వస్తాను," అంది.

ఆంటీ అని మన పిల్లలే పిలుస్తారనుకున్నాను. వాళ్ళ దేశంలోనూ పెద్దవాళ్ళను అలాగే అంటారట. ఆమెది ట్రినిడాడ్. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్తే, ఆయనకు క్రికెట్ వల్ల తెలిసింది.

"వెస్టిండీస్ పిల్లా? బౌలింగేమన్నా వేస్తదంటనా?"

"మిగతావన్నీ చేస్తదంట. అదొక్కటే చెప్పలా."

నిజంగానే అన్నీ చేసేది. పాట చర్చిలో నేర్చుకుంది. నూనె పీపాను అడుగు నుంచి కొట్టి గుంటలు చేసి వాయించే డ్రమ్ము ఒకటి ఉంటుంది, అది వాళ్ళ పేటలో నేర్చుకుంది. కాళ్ళకు మనిషెత్తు కర్రలు కట్టుకుని నడవడం వాళ్ళ మామయ్య నేర్పాడు. నాట్యం ఎవరు నేర్పారని అడిగితే, "బస్ స్టాపు, ఆంటీ. బస్సు ఎప్పుడూ లేటు," అంది. ఎవరినైనా ఒకసారి చూస్తే వాళ్ళలా నడిచి చూపించేది. పెద్దావిడ లేనప్పుడు పెద్దావిడలా "డార్లింగ్" అనేది. గ్రీకు ఆవిడ నవ్వి నవ్వి ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ మాడ్చుకుంది. నేను నవ్వలేదు. మాడిన గుడ్డ అతుకు వేయాల్సింది నేను కదా.

టీచర్లకు మాత్రం ఆమెతో పెద్ద తలనొప్పి. పాట టీచరు నాట్యం మానెయ్యమంటుంది. నాట్యం టీచరు ఆ కర్రలు పారెయ్యమంటాడు. మూడో ఏడు ఆఖరి పరీక్షలో ప్రతి విద్యార్థీ ఒక్కడే స్టేజీ ఎక్కి, తాను నేర్చుకున్నది ముగ్గురు పరీక్షకుల ముందు చేసి చూపాలి. ఈ పిల్ల నాలుగూ చేస్తానని కూర్చుంది. ఆమెను వాళ్ళ ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి పంపింది. పరీక్ష తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, విమానం టికెట్ ఇచ్చి ఇంటికి పంపేస్తారు. నాట్యం టీచరు మా గదికే వచ్చి చెప్పాడు.

"నాలుగూ సగం సగం చేస్తే నాలుగింట్లోనూ తప్పుతుంది. మీ మాట వింటుంది, ఒక్కటి ఎంచుకోమనండి."

చెప్పాను. నేను జీవితంలో ఒకే పని నేర్చుకున్నాను, దానితోనే తిన్నాను. నాకు ఆయన మాట సబబుగానే తోచింది.

ఆ పిల్ల నా బల్ల మీద కూర్చుని, నా గుండీల డబ్బాలో చెయ్యి పెట్టి కలుపుతూ విన్నది.

"మా అమ్మ పొద్దున చేపలు అమ్ముతుంది ఆంటీ. మధ్యాహ్నం ఇంకొకళ్ళ ఇంట్లో వండుతుంది. పెళ్ళిళ్ళకు పువ్వులు కడుతుంది. ఆదివారం ముందు వరసలో నిలబడి పాడుతుంది. ఆమెను ఎవరూ వచ్చి ఒక్కటి ఎంచుకోమనలేదు."

"మీ అమ్మకు పరీక్ష లేదుగా."

"ఉంది. మేం ఆరుగురం."

గుండీలు కలపొద్దు, రంగులు వేరు చేసి పెట్టాను అన్నాను.

ఆమె వేయబోయేది ఇది. మొదట సంతలో కూరగాయలమ్మే ముసలామెలా, వంగి, పొడుగాటి పువ్వుల గౌనులో వస్తుంది. వాళ్ళ నాయనమ్మ పాట ఒకటి పాడుతుంది. పాట చివర గౌను ఒక్క లాగుతో ఊడిపడుతుంది. లోపల ఆకుపచ్చ తళుకుల బట్టల్లో పడుచుపిల్ల. అక్కడినుంచి నాట్యం, ఆ తర్వాత డ్రమ్ము, ఆఖరున కర్రకాళ్ళు. గౌను ఊడటమే కీలకం. అది ఊడితేనే మిగతా మూడూ.

ఆ గౌను పెద్దావిడ ఎవరికీ ఇవ్వకుండా తనే కుట్టింది. కుడి పక్క చంక నుంచి పాదం దాకా కుట్టు లేదు. వెడల్పాటి రెండు అంచులు ఒకదాని మీద ఒకటి పడేట్టు వదిలి, చిన్న చిన్న దారపు ఉచ్చులు వేసి, వాటిలోంచి పొడుగాటి నైలాన్ దారం దూర్చింది. చంక కింద దాని కొస పట్టుకుని లాగితే ఉచ్చులన్నీ ఒక్కసారి వదులైపోతాయి. ఇది నేను ఇప్పుడు వివరంగా రాస్తున్నాను. అప్పుడు గౌను ఊడాలన్న సంగతి కూడా నాకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష రోజు పొద్దున్న క్వయర్లో పాడేవాళ్ళ అంగీలు వచ్చి తలుపు దగ్గరి కడ్డీ అంతా నిండిపోయింది. గ్రీకు ఆవిడ గౌను ఇస్త్రీ చేసి, చోటు లేక, తెచ్చి నా కడ్డీకి తగిలించి టీకి పోయింది.

నేను చూశాను. కొత్త గౌను, ఒక పక్క మొత్తం తెరుచుకుని ఉంది. కచ్చా కుట్టు లాంటిదేదో వేసి వదిలేశారు. కుట్టినవాళ్ళు ఎవరోగానీ వాళ్ళకు సిగ్గు లేదనుకున్నాను. ఆడపిల్ల, అంతమంది ముందు చేతులెత్తి పాడితే ఏం కాను? ఆ దారం లాగేశాను. సులువుగానే వచ్చింది. మంచి నైలాన్, పారెయ్యబుద్ధి కాలేదు, చుట్టి నా డబ్బాలో పెట్టాను. ఉచ్చులు కత్తిరించాను. లోపల కావలసినంత గుడ్డ ఉంది. మా మేనత్త నేర్పినట్టు మూడు వరసలు వేశాను. మొదలూ చివరా రెండేసిసార్లు వెనక్కి తిప్పి కుట్టాను. తల మీదినుంచి తొడుక్కోవాల్సి వస్తుంది, తొడుక్కుంటుంది. ఒకసారి రెండు చేతులతో గుంజి చూశాను. కదల్లేదు. అప్పుడు కడ్డీకి తగిలించి, దాని పక్కన అతుకు వేయాల్సిన ప్యాంటు తీసుకున్నాను.

పిల్ల హడావుడిగా వచ్చి, పాట గొణుక్కుంటూ, గౌను తలమీదినుంచి తొడుక్కుని పరుగెత్తింది. చూసుకోలేదు. పరీక్ష ముందు ఎవరు చూసుకుంటారు?

పరీక్షలకు నేను తెర పక్కన నిలబడేదాన్ని. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఏది ఊడినా అక్కడికక్కడే కుట్టాలి గదా. పెద్దావిడ, గ్రీకు ఆవిడ కూడా వచ్చి నా వెనక నిలబడ్డారు.

పాట బాగా పాడింది. ముసలామెలా గొంతు వణికించింది. హాల్లో చప్పుడు లేదు. ఆఖరి మాట పాడి నడుం నిటారుగా చేసింది. చెయ్యి చంక కిందకు పోయింది.

ఏమీ లేదు అక్కడ.

మళ్ళీ వెతికింది. గౌను పట్టుకుని గుంజింది. ఇంకోసారి, ఈసారి బలంగా. నా కుట్టు గురించి చెప్పుకోకూడదు గానీ, ఒక్క పోగు రాలేదు.

"దారం ఏది?" అంది పెద్దావిడ నా చెవిలో.

"ఏ దారం?"

"నైలాన్ దారం, డార్లింగ్." చాలా నెమ్మదిగా అంది.

సూదులు నోట్లోంచి తీశాను. "నా డబ్బాలో ఉంది."

గ్రీకు ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. పెద్దావిడ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నాకు అప్పుడు అర్థమైంది. అర్థమై ఏం లాభం, కత్తెర నా దగ్గర, గౌను స్టేజీ నడిమధ్య.

పిల్ల పక్కకు తిరిగి మా వైపు చూసింది. సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని నేను ఎప్పుడూ నిలబడేట్టే నిలబడి ఉన్నాను. వేరేగా నిలబడటం నాకు చేతకాదు. కాసేపు అలా నన్ను చూస్తూ ఉండిపోయింది.

తర్వాత తన చెయ్యి నడుం మీద వేసుకుంది. పెదాలు బిగించింది, సూదులున్నట్టు. వంగిన ముసలామె పోయింది. నిటారుగా, ఎవరి మీదో కోపంగా ఉన్న ముసలామె వచ్చింది. పరీక్షకుల బల్ల దగ్గరికి గబగబా నడిచి, బల్ల మీద వేలితో గీసి, వేలు చూసుకుని, నడుమ కూర్చున్న పెద్దమనిషి ముక్కు ముందు పెట్టింది.

హాలంతా నవ్వింది.

గ్రీకు ఆవిడ నా భుజం మీద కొట్టి, "నువ్వే!" అంది. తెలుస్తూనే ఉంది, కొట్టనక్కర్లేదు.

అక్కడినుంచి ఆ గౌనులోనే అన్నీ చేసింది. నేల తుడిచేటప్పుడు మనం చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటామే, అట్లా గౌను ఎత్తి నడుంలో దోపుకుని, స్టేజీ ఊడుస్తున్నట్టూ తుడుస్తున్నట్టూ మొదలుపెట్టింది. చూస్తుండగా అది నాట్యం అయింది. ఎక్కడ అయిందో చెప్పలేను. డ్రమ్ము దగ్గరికి పోయి, దుమ్ము పట్టిందని గౌను అంచుతో తుడవసాగింది. తుడిచిన చోటల్లా ఒక స్వరం పలికింది. పలికినప్పుడల్లా ఉలిక్కిపడి, మళ్ళీ అక్కడే తుడిచి, చివరికి పాటంతా వాయించింది. తర్వాత పెట్టె మీద కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని సణుక్కుంటూ కర్రలు కట్టుకుని లేచింది. ఎంతో ఎత్తున, పువ్వుల గౌనులో కోపిష్టి ముసలామె. పైన వేలాడుతున్న స్టేజీ లైటు దాకా పోయి, దాని మీద దుమ్ము ఉఫ్‌మని ఊది, కిందికి చూసి అడిగింది.

"ఈ దీపం వెలిగించి వదిలేసింది ఎవరు?"

ఇంగ్లీషే, కానీ నా ఇంగ్లీషు. ఒంగోలు వినబడింది. లైట్లు నడిపే అబ్బాయి భయపడ్డాడో ఏమో, అన్నీ ఆర్పేశాడు. చీకట్లో చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు.

పరీక్ష తప్పింది.

నవ్వినవాళ్ళే తప్పించారు. నాట్యానికి మార్కులు వేయాలంటే కాళ్ళు కనబడాలి, గౌనులో కాళ్ళు కనబడలేదు. రాసిచ్చిన వరసలో చేయలేదు. పరీక్షకుల్లో ఒకడైన నాట్యం టీచరు వచ్చి, తనకెంతో నచ్చిందనీ, తానే తప్పించాననీ చెప్పాడు. ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో ఎలా చెప్పగలిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్ల మా గదికి వచ్చింది. గౌను ఇంకా ఒంటి మీదే ఉంది. కుర్చీలో కూర్చుని, పక్కకుట్టు తిరగేసి వేళ్ళతో తడిమింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూడు వరసలా, ఆంటీ?"

"నాలుగోదానికి గుడ్డ లేదు."

నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడేదాన్ని. నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. నేను టీ పెట్టాను. పొద్దుటి టీబ్యాగు కాదు, కొత్తది.

పెద్దావిడ తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, బట్ట ఊడకపోవడం వార్డ్‌రోబ్ తప్పు, విద్యార్థి తప్పు కాదు, మళ్ళీ పరీక్ష పెట్టాలి అని తన సంతకంతో రాసిచ్చింది. అందులో నా ఊసే లేదు. వాళ్ళు ఒప్పుకున్నారు. తిరిగి వచ్చి నా బల్ల మీద, కళ్ళకెదురుగా, ఒక అట్ట పెట్టింది. "అడగకుండా ఏదీ కుట్టకూడదు" అని పెద్ద అక్షరాలు. నేను రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది. వెనక పక్క ఖాళీగా ఉంటే కొలతలు రాసుకునేదాన్ని.

రెండో పరీక్షకు పెద్దావిడ కొత్త గౌను కుట్టి, తాళం వేసిన బీరువాలో పెట్టింది. అది చక్కగా ఊడింది. నాట్యం, డ్రమ్ము, కర్రకాళ్ళు, అన్నీ అనుకున్న వరసలో జరిగాయి. పాసయింది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు సంగతి నాకు ఇంతకంటే గుర్తు లేదు. చూసినవాళ్ళలో ఎవరికైనా గుర్తుందంటే ఆశ్చర్యపోతాను.

పాత గౌను విప్పి గుడ్డ వాడుకుందామని నేను కత్తెర తీస్తే పిల్ల లాక్కుంది. "ఇది నాది, ఆంటీ." నైలాన్ దారం మాత్రం ఎవరూ అడగలేదు. మా పెరట్లో కాకర పాదుకు కట్టాను. చాలా ఏళ్ళు ఆగింది.

మొదటి పరీక్షలో ఆ నడిమి పెద్దమనిషి కాలేజీ వాడు కాదు, బయట నాటకాల కంపెనీ నడిపేవాడు. ముక్కు ముందు వేలు పెట్టించుకున్నవాడే. కాలేజీ అయిపోయాక ఆమెకు కబురు పెట్టాడు. ఆమెకు అప్పుడు ఇరవై మూడో ఇరవై నాలుగో. మొదటి వేషం ముసలామె. తర్వాత లండన్ పోయింది. రేడియోలో పాడింది, సినిమాల్లో వేసింది, ఇంకొకళ్ళ నాటకాలకు నాట్యాలు కూర్చింది, వాళ్ళ దీవిలో పిల్లలకు కర్రకాళ్ళు నేర్పే స్కూలు పెట్టింది. ఒక్కటి ఎంచుకోలేదు. కానీ ఏ దేశం పోయినా జనం అడిగేది ఆ ముసలామెనే. పువ్వుల గౌనులో వచ్చి, దుమ్ము చూపించి, ఆఖరున దీపం ఎవరు వదిలేశారని తిట్టి, ఆర్పించి వెళ్ళిపోయే ముసలామె.

ఒకసారి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు టికెట్లు పంపింది. మా ఆయన, నేను, యూనివర్సిటీలో చదివే మా మనవరాలు వెళ్ళాం. ముసలామె స్టేజీ మీదికి వచ్చి చెయ్యి నడుం మీద వేసుకోగానే మనవరాలు నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా! ఓ మై గాడ్, దట్స్ యూ!"

"నోరు ముయ్యి. చూడనియ్యి."

మా ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉందే," అన్నాడు. "డబ్బులు పెట్టి చూస్తున్నారే జనం! నేనిన్నేళ్ళూ ఊరికే చూశా."

ఆట అయ్యాక లోపలికి పిలిపించింది. బాగా ఒళ్ళు చేసింది. నేనూ ముసలిదాన్నయ్యాను. గౌను పక్క తిప్పి చూపించి అంది, "ఆంటీ, ఊపిరి ఆడటం లేదు. లండన్‌లో దర్జీలు దీన్ని చూసి, ఇది విప్పడం మా వల్ల కాదంటున్నారు."

పర్సులోంచి చిన్న కత్తెర తీశాను. లోపలి వరస విప్పి ఇచ్చాను. అక్కడే వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి, గట్టిగా ఊపిరి పీల్చి, గది అదిరేట్టు పాడింది.

మొన్నటేడు మళ్ళీ వచ్చింది. ఈసారి మా ఇంటికే వచ్చి, పులిహోర తిని, వంటగదిలో నిలబడి గౌను తొడిగి చూపించింది. రెండో వరస విప్పాను. పువ్వులు వెలిసిపోయాయి గానీ కుట్టు చెక్కుచెదరలేదు.

ఇక మిగిలింది ఒక్క వరస. అది విప్పితే గౌను విడిపోతుంది, లోపల గుడ్డ లేదు. ఆ మాట ఆమెకు చెప్పాను. తిండి తగ్గించమన్నాను.

"నువ్వుండగా నాకేం ఆంటీ," అంది, ఇంకొంచెం పులిహోర వడ్డించుకుంటూ.

ఆమె వెళ్ళాక వెతికి, ఆ పువ్వులకు దగ్గరగా ఉన్న గుడ్డ ముక్క ఒకటి తీసి పెట్టాను. పక్కకు అతుకు వేయాల్సి వస్తే ఉంటుంది. నేను లేకపోతే మనవరాలు వేయాలి. మిషన్ నేర్పుతున్నాను. మూడు వరసలు ఎందుకని విసుక్కుంటోంది.